పన్నీరు బుడ్డి పోయిన ఆదివారం

ఆషాఢం రాగానే ఉషారాణి గోడౌనులో ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిమీదొకటి ఎక్కి కప్పును తాకుతాయి. మిగతా నెలల్లో అవి ఏ పెళ్ళిపందిట్లోనో, ఏ పెద్దకర్మ భోజనాల దగ్గరో తిరుగుతుంటాయి. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు. షామియానాలు చుట్టలుగా అటకెక్కుతాయి. అన్నం వండే గుండిగలు గోడవార బోర్లా పడుకుంటాయి. తివాచీల మడతల్లో వేపాకు పడుతుంది. నరసాపురంలో రేవుకు పోయే దారిలోంచి పక్కకు తిరిగే ఒక వీధిలో, రేకుల కప్పు కింద కిటికీల్లేని ఆ గోడౌనును ఊరంతా 'సప్లయర్స్ వారి కొట్టు' అంటుంది.

ఆ నెలలో ఒక ఆదివారం సాయంత్రం అక్కడ ఏదో ఒక వస్తువు పోతుంది. పోతుందని వీధికంతా ముందే తెలుసు. ఎవరు తీస్తారో మాత్రం తెలియదు. అది కనిపెట్టడానికి ఎనిమిదేళ్ళవాళ్ళ దగ్గర్నుంచి ఇంటర్ చదివేవాళ్ళదాకా వీధిలో పిల్లలంతా మళ్ళీ స్నానాలు చేసి, తలలు దువ్వుకుని వస్తారు. ఇప్పటి పిల్లలు దాన్ని మిస్టరీ పార్టీ అంటున్నారు. వాళ్ళకు ముందువాళ్ళకు అది గోడౌను ఆట.

ఉషారాణికి అరవై దాటాయి. పొడుగ్గా, సన్నగా ఉంటుంది. గుండిగల మధ్య నడిచే అలవాటువల్ల చీర కుచ్చిళ్ళు ఎప్పుడూ ఒకవైపు ఎత్తి దోపి ఉంటాయి. పాలకొల్లునుంచి కోడలుగా వచ్చేనాటికి భర్త జానకిరామ్‌కు ఉన్నది ఒక మైకుసెట్టు, రెండు గొట్టాలు, కొన్ని ట్యూబులైట్లు. కుర్చీలూ వంటపాత్రలూ చేర్చి దాన్ని వ్యాపారంగా మార్చింది ఆవిడే. ఆ మాట జానకిరామే చెబుతాడు. "నేను మైకు పట్టుకుని హలో హలో అంటా ఉంటే, ఈవిడ ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ పట్టేసిందండి," అని.

సప్లయర్స్ పనిలో ఒక మర్యాద ఉంది. పెళ్ళయ్యాక సామాను తిరిగొచ్చినప్పుడు ఒక గరిటో, బకెట్టో తగ్గితే 'ఎవరు తీశారు' అని అడగకూడదు. 'ఎక్కడో ఉండిపోయినట్టుందండి, కాస్త చూసి పంపండి' అనాలి. మర్నాడో ఆ మర్నాడో అది కొట్టు గుమ్మంలో కనబడుతుంది. ఎవరు పెట్టారో ఎవరూ చూడరు. ఉషారాణి ఈ విద్యను అత్తగారి దగ్గర నేర్చుకుంది. పిల్లలకు మాత్రం ఈ మర్యాద తెలియదు కదా. గోడౌను ఆట అక్కడే మొదలైంది.

ఇరవై ఏళ్ళ పైమాట అది. ఆషాఢం వానలకు వీధి పిల్లలు గోడౌనులో దూరి దాగుడుమూతలు ఆడేవాళ్ళు. ఒకడు గుండిగలోకి దిగి పైకి రాలేక ఏడుపందుకున్నాడు. వాళ్ళను తరిమేయడం ఇష్టంలేక ఉషారాణి ఒక పని అప్పజెప్పింది. పులిహోర కలిపే పెద్ద ఇత్తడి గరిటె కొన్నాళ్ళుగా కనబడటం లేదు, కనిపెట్టినవాళ్ళకు పాయసం అంది. పిల్లలు వీధిని వదల్లేదు. వంటిళ్ళలోకి దూరారు, పెద్దవాళ్ళను నిలబెట్టి ప్రశ్నలడిగారు. గరిటె ఎదురింటి పెరట్లో నూతి చప్టా మీద దొరికింది. ఎదురింటావిడ ఏదో పూజకు అడిగి పట్టుకెళ్ళి మరిచిపోయింది. పిల్లలు గరిటెను ఊరేగింపుగా మోసుకొచ్చారు. ఆవిడ ఆ ఏడాదంతా ఉషారాణితో మాట్లాడలేదు.

మరుసటి ఆషాఢానికి ఆట మారింది. పోయే వస్తువును ఉషారాణే పెడుతుంది. తీసేవాళ్ళను చీటీ తేలుస్తుంది. రాజు, రాణి, దొంగ, పోలీసు చీటీలు ఆడని పిల్లలు గోదావరి జిల్లాల్లో ఉండరు. ఆవిడ దాన్నే పెద్దది చేసింది. రాగి చెంబులో ఎంతమంది పిల్లలో అన్ని చీటీలు. ఒకదానిమీద మాత్రం చుక్క. చుక్క వచ్చినవాళ్ళు దీపాలు ఆరినప్పుడు వస్తువు తీసి, గోడౌను దాటకుండా దాచాలి. దీపాలు వెలిగాక విచారణ. ఎవరైనా ఎవరినైనా మూడు ప్రశ్నలు అడగవచ్చు. అందరూ నిజమే చెప్పాలి, చుక్క వచ్చినవాళ్ళు తప్ప. దొంగ ఫలానా అనుకుంటే ఎదురుగా నిలబడి, మొహం చూసి చెప్పాలి. వెనకనుంచి గొణిగితే చెల్లదు. పొరబడితే 'పొరబడ్డాను' అని అందరికీ వినబడేలా చెప్పి, ఆట చివర పంచే జాంగ్రీల్లో తన వంతు అవతలివాళ్ళకు ఇచ్చేయాలి. వచ్చిన చీటీని మార్చుకోవడానికి వీల్లేదు.

పోయే వస్తువును ఎంచడంలోనూ ఆవిడకు ఒక పద్ధతుంది. జనం అద్దెకు అడగడం మానేసిన వస్తువే పోవాలి. ఒక ఏడాది పెట్రోమాక్స్ లైటు పోయింది. ఒక ఏడాది గంధం గిన్నె. ఒకసారి జానకిరామ్ మొదటి మైకు గొట్టమే పోయింది, దాన్ని దాచడానికి చోటు చాలక ఆ ఏటి దొంగ నవ్వుతూనే దొరికిపోయాడు. పోయినదేమిటో తెలియకుండా వెతకలేరు కాబట్టి, ఆట మొదలయ్యేముందు ఉషారాణి ఆ వస్తువును ఒడిలో పెట్టుకుని దాని కథ చెబుతుంది. పెట్రోమాక్స్‌కు మేంటిల్ గుడ్డ కట్టే మనిషి వస్తే పెళ్ళికూతుర్ని చూసినట్టు జనం మూగేవాళ్ళని, గాలి కొడుతున్నకొద్దీ దీపం తెల్లబడుతుంటే పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవాళ్ళని. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. వాళ్ళలో కొందరికి ఇప్పుడు ఆ వయసు పిల్లలున్నారు.

ఆ రోజుల్లో దీపాలు ఆర్పే పని కరెంటువాళ్ళే చేసిపెట్టేవాళ్ళు. సాయంత్రం కోత వేళకు తలుపులు దగ్గరగా వేసుకుని అందరూ చాపలమీద సిద్ధంగా కూర్చునేవాళ్ళు. ఠక్కున చీకటి పడగానే రేకుల కప్పు ఎగిరిపోయేలా ఒక కేక. ఒక ఏడాది ఎందుకో కరెంటు పోలేదు. పిల్లలు కూర్చుని కూర్చుని, "అక్కర్లేనప్పుడు పోతాదిగానీ, కావాల్సినప్పుడు పోదేంటండీ ఇది!" అని తిట్టుకున్నారు. ఇప్పుడు కోతలు లేవు. మెయిన్ స్విచ్ దగ్గర జానకిరామ్ కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. "జీవితమంతా కరెంటు పోతే ఆఫీసుకెళ్ళి దెబ్బలాడాను. ముసలాణ్ణయ్యాక నేనే తీస్తన్నాను," అంటూ మీట దించుతాడు.

ఆడి వెళ్ళినవాళ్ళు ఆటను మరిచిపోలేదు. పెట్రోమాక్స్ లైటును గుండిగ కింద దాచి, విచారణ అయ్యేదాకా ఆ గుండిగ మీదే కూర్చున్న యెహెజ్కేలు ఇప్పుడు కడియంలో మొక్కల లారీలు నడుపుతున్నాడు. ఏ రాష్ట్రంలో ఉన్నా ఆషాఢంలో ఫోను చేస్తాడు. "పిన్నిగారూ, ఈసారి ఏం పోయిందండీ?" చిన్నప్పుడు ఎవరేం అడిగినా "ఏమోనండి" అని ఒక్కటే సమాధానం చెప్పి ఆటంతా నెగ్గుకొచ్చిన కృపారాణి రాజమండ్రిలో నర్సు. "డాక్టరుగారు అడిగినా అదే చెబుతున్నావా?" అని జానకిరామ్ ఏడిపిస్తే, "లేదండి బాబాయిగారూ, ఇప్పుడు చేతికి గడియారం, జేబుకి పేరూ ఉన్నాయి, తప్పించుకోలేం," అంటుంది. వాళ్ళందరికీ ఉషారాణి పిన్నిగారు. ఇప్పటి పిల్లలకు మామ్మగారు.

ఇప్పుడు పిల్లలు తగ్గారు. పదో తరగతి దాటినవాళ్ళు సిగ్గుపడుతూ వస్తారు, వచ్చాక వెళ్ళరు. గుమ్మం దగ్గర వెదురుబుట్టలో ఫోన్లు పెట్టి లోపలికి రావాలి. ఇంటర్ రెండో ఏడు చదివే గణేష్‌బాబు ఒక ఫోను బుట్టలో పెట్టి, రెండోది జేబులో వేసుకుని వస్తూ నిరుడు పట్టుబడ్డాడు. ఆట మొదలవకముందే దొరికిన దొంగగా వాడికి పేరొచ్చింది.

అదే నిరుటి ఆటలోకి నాగదుర్గను పిలవాలని ఉషారాణి అనుకుంది.

నాగదుర్గకు పదమూడేళ్ళు. తండ్రి సముద్రం మీద బోట్లకు వెళతాడు. తల్లి మస్కట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. పెంచుతున్నది నాన్నమ్మ పెద్దింట్లమ్మ. పెద్దింట్లమ్మ గంప ఎత్తుకుని ఇంటింటికీ చేపలు అమ్ముతుంది, ఉషారాణి ఒప్పుకున్న విందులకు చేపలు ఆవిడే వేస్తుంది. నాగదుర్గ అంతకు ముందు ఏటిదాకా గోడౌను ఆటలో అందరికంటే గట్టిగా అరిచే పిల్ల. జనవరిలో బడిలో ఒక సంగతి జరిగింది. ఆమె తరగతిలోనే చదివే సత్యశ్రీ చెవి దిద్దు ఒకటి పోయింది. సత్యశ్రీదీ ఈ వీధే, నాలుగిళ్ళ అవతల. తరగతిలో అందరి బ్యాగులూ చూస్తామన్నారు. బోర్లించింది నాగదుర్గ బ్యాగు ఒక్కటే. పుస్తకాలతోపాటు నాన్నమ్మ ఎవరికో ఇమ్మని కట్టిచ్చిన ఎండుచేపల పొట్లం బల్లమీద పడింది. అందరూ నవ్వారు. మర్నాడు ఉదయం దిద్దు సత్యశ్రీ దిండు గలీబులో దొరికింది.

ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. అసలు సంగతి అదే. బడిలో ఆ ఊసెత్తలేదు. సత్యశ్రీ తల్లి ఒక స్వీటుపొట్లం పంపించింది. పెద్దింట్లమ్మ దాన్ని విప్పకుండానే తిప్పి పంపించింది. నాగదుర్గ బడికి వెళుతోంది, వస్తోంది. తలుపు వేసుకుని కూర్చుంటోంది. ఆటలు లేవు, అరుపులు లేవు. సత్యశ్రీ ఎదురైతే ఇద్దరూ చెరో పక్కకూ చూసుకుని వెళ్ళిపోతున్నారు.

ఆషాఢం వచ్చింది. ఉషారాణి స్వయంగా పెద్దింట్లమ్మ ఇంటికి వెళ్ళి పిల్లను పంపమని అడిగింది. ఆదివారం నాలుగింటికి పెద్దింట్లమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని గోడౌను గుమ్మంలోకి వచ్చింది.

"తెచ్చానండి," అంది. "మీరు ఇంటిదాకా వచ్చి అడిగారని తెచ్చాను. లేపోతే తెచ్చేదాన్ని కాదు."

"మంచిపని చేశావమ్మా."

"మంచో చెడో నాకు తెలవదండి. ఆడేదే దొంగాట. ఆ మాట మాత్రం నా పిల్ల మీద పడకూడదు. ఆటకైనా సరే, నవ్వులకైనా సరే. పడిందంటే ఈ గుమ్మం మళ్ళీ తొక్కం. మీకు చేపలేస్తాను, డబ్బులు తీసుకుంటాను, అంతవరకే."

"పడనివ్వను," అంది ఉషారాణి. ఇంతమంది పిల్లల్లో ఆ చుక్క ఈ పిల్లకే ఎందుకొస్తుందిలే అనుకుంది.

"దీపాలు పెట్టే వేళకి వచ్చి తీసుకెళ్తాను," అని చెప్పి పెద్దింట్లమ్మ వెళ్ళిపోయింది.

నిరుడు పోవలసింది పన్నీరు బుడ్డి. జర్మన్ సిల్వరుది, కొంగ మెడలాంటి గొట్టం, చివర పువ్వు, పువ్వుకు చిల్లులు. ఉషారాణి దాన్ని చింతపండుతో తోమి, నిండా పన్నీరు పోసి స్టూలు మీద పెట్టింది. "పందిరి గుమ్మంలో ఒక పిల్ల గంధం రాసేది, ఒక పిల్ల పన్నీరు చల్లేది," అని చెప్పింది. "గంధం రాయడానికి ఎవరూ పోటీ పడేవాళ్ళు కాదు. పన్నీటి దగ్గర మాత్రం జుట్లు పట్టుకునేవాళ్ళు. ఎందుకంటే పెళ్ళికొడుకు తరఫువాళ్ళ మొహాన ఎంత కొట్టినా ఎవరూ ఏమీ అనడానికి లేదు." పిల్లలు నవ్వారు. బుడ్డి మూత మరను ఆవిడ కొంచెం వదులు చేసి ఉంచిందని వాళ్ళకు తెలియదు. ఎత్తినవాళ్ళ చెయ్యి తడవక తప్పదు. ఆ ఏటి ఆధారం అది.

చీటీలు వేశారు. ఎవరికి వాళ్ళు చాటుగా విప్పి చూసుకుని, మళ్ళీ మడిచి ఉషారాణి పట్టుకున్న చెంబులో వేస్తూ ముందుకు నడిచారు. నాగదుర్గ వేసిన చీటీ సరిగా మడత పడలేదు. చెంబులో పడుతూ సగం విచ్చుకుంది. చుక్క కనబడింది.

ఉషారాణి చెంబు పక్కన పెట్టి, గ్లాసులు తెద్దాం రమ్మని నాగదుర్గను కుర్చీల దొంతర వెనక్కు తీసుకెళ్ళింది.

"అమ్మా, చీటీలు మళ్ళీ వేయించనా?"

"ఎందుకండి?"

"ఊరికే. సరిగా కలపలేదేమో అని."

నాగదుర్గ గ్లాసులు ఒకదానిలో ఒకటి పేర్చింది.

"మామ్మగారూ, ఇదే గణేష్‌బాబన్నయ్యకి వచ్చుంటే మళ్ళీ వేయిస్తారా అండి?"

ఉషారాణి తల అడ్డంగా ఊపింది.

"మరి నాకెందుకు వేయించడం?" అంది నాగదుర్గ. "నాకు వచ్చింది. నేనే చేస్తాను."

గ్లాసులు పట్టుకుని వెళ్ళిపోయింది. ఉషారాణి దొంతర వెనకనుంచి వచ్చి, జానకిరామ్ వైపు చూసి తల ఊపింది. మీట పడింది.

చీకట్లో ఎప్పటిలాగే కేకలు, కాళ్ళ చప్పుళ్ళు, ఏదో పళ్ళెం కింద పడిన మోత, "ఒరేయ్ నా కాలు!" అని ఒక గొంతు. దీపాలు వెలిగాయి. స్టూలు ఖాళీ. నేలమీద తడి చుక్కలు. గోడౌను నిండా పన్నీటి వాసన.

విచారణ గణేష్‌బాబుతో మొదలైంది.

"నీ చెయ్యెందుకు తడిగా ఉందిరా అన్నయ్యా?"

"చెమటరా."

"వానాకాలంలో చెమటేంటి?"

"మీ మొహాలు చూస్తే ఏ కాలంలోనైనా పడతాయిరా నాకు చెమటలు."

అలా ఒకరినొకరు నిలదీసుకున్నారు. తివాచీలు విప్పారు, కుర్చీలు దించారు. నాగదుర్గ అందరిమధ్యా తిరుగుతోంది. ఆమె పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా పన్నీటి వాసన గుప్పుమంటోంది. తలలు ఇటు తిరుగుతున్నాయి, వెంటనే అటు తిరుగుతున్నాయి. ఎవరూ ఆమెను ఒక్క ప్రశ్న అడగలేదు. అందరికంటే చిన్నది, అందరూ చిన్నమ్మాయి అని పిలిచే పిల్ల, ముక్కు ఎగబీల్చి, "నాగదుర్గక్క దగ్గర వాస..." అనబోయింది. పక్కనున్న అన్న చప్పున దాని నోరు మూశాడు. "ఏమీ అనొద్దని అమ్మ చెప్పిందా లేదా?" అన్నాడు చెవిలో, అందరికీ వినబడేలా.

అప్పుడు అర్థమైంది ఉషారాణికి. ప్రతి ఇంట్లోనూ తల్లులు పిల్లలకు అదే చెప్పి పంపించారు. పాపం ఆ పిల్లని ఏమీ అడక్కండి, ఏమీ అనకండి, మర్యాదగా ఉండండి అని. తను పెళ్ళివారి దగ్గర ఇన్నేళ్ళూ చేసింది కూడా అదే.

గణేష్‌బాబు పెద్దవాడి హోదాలో ముందుకొచ్చాడు. "మామ్మగారూ, ఈసారి మేం ఓడిపోయామండి. దొంగ చాలా తెలివైనవాళ్ళండి."

అందరూ చప్పట్లు కొట్టారు.

"అందరినీ అడిగారా?" అంది ఉషారాణి.

"అడిగామండి."

"అందరినీ?"

"ఆయ్, అందరినీ అడిగామండి."

ఆ సాయంత్రం ఆ గోడౌనులో అబద్ధమాడే హక్కు ఒక్కరికే ఉంది. ఆ ఒక్కరు తప్ప అందరూ ఆడారు.

"నన్నెవరూ అడగలేదు," అంది నాగదుర్గ.

చప్పట్లు ఆగాయి.

"ఇందాకట్నుంచీ ఇక్కడే తిరుగుతున్నాను. మీ అందరికీ జలుబు చేసిందా?"

"అది కాదు నాగదుర్గా," గణేష్‌బాబు నసిగాడు. "నువ్వు ఫీలవుతావనీ..."

"ఆ రోజు బ్యాగు బోర్లించినప్పుడు ఎవరికీ గుర్తు రాలేదేం, నేను ఫీలవుతానని? అప్పుడేమో అడక్కుండానే దొంగన్నారు. ఇప్పుడేమో నిజంగా తీసినా అడగరు. ఇంక నేనెందుకు ఆడటం?"

రేకుల మీద వాన మొదలైంది. నాగదుర్గ గుమ్మం వైపు నడిచి చెప్పుల కోసం వెతుకుతోంది. ఉషారాణి ఆమెను ఆపలేదు. పిల్లలవైపు తిరిగి, మామూలు గొంతుతో, "ఆట ఇంకా అవలేదు. ప్రశ్నలున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అంది.

తివాచీల వెనకనుంచి సత్యశ్రీ వచ్చింది. ఆ సాయంత్రమంతా ఆ మూలనే ఉండిపోయిన పిల్ల. వచ్చి, రూలు ప్రకారం నాగదుర్గకు ఎదురుగా నిలబడింది.

"మొదటి ప్రశ్న. దీపాలారినప్పుడు నువ్వెక్కడున్నావు?"

నాగదుర్గ ఆమెను ఎగాదిగా చూసింది. చేతిలో చెప్పు కింద పడేసింది.

"తివాచీల దగ్గర."

"అబద్ధం. అక్కడ నేనున్నాను."

ఎవరో కిసుక్కుమన్నారు.

"రెండోది. చెయ్యి చూపించు."

"అది ప్రశ్న కాదు."

"చెయ్యి చూపిస్తావా?"

"చూపించను."

సత్యశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా మొహం తిప్పుకోలేదు.

"మూడోది. దిద్దు దొరికిన రోజే బళ్ళో అందరి ముందూ నేను చెప్పాలి, నువ్వు తియ్యలేదని. నేను చెప్పలేదు. పొరబడ్డానని అనలేదు. ఎందుకో నీకేమైనా తెలుసా?"

"తెలీదు."

"నాకూ తెలీదు," అంది సత్యశ్రీ. చెయ్యెత్తి మొహం తుడుచుకుంది. తరవాత వీధి చివరిదాకా వినబడేటంత గట్టిగా అరిచింది. "పన్నీరు బుడ్డి మాత్రం నువ్వే తీశావు. నాగదుర్గే దొంగ!"

సరిగ్గా అప్పుడే పెద్దింట్లమ్మ గొడుగుతో గుమ్మంలో అడుగు పెట్టింది.

"ఎవత్తే అది! ఎవత్తే నా మనవరాల్ని దొంగన్నది?" గొడుగు ముడవకుండానే లోపలికి వచ్చేసింది. పిల్లలు చెల్లాచెదురయ్యారు. "ఏంటండీ ఉషారాణిగారూ ఇది? గుమ్మంలో నిలబెట్టి మాటిచ్చారు కదండీ!"

"ఇచ్చాను. నిలబెట్టుకోలేదు," అంది ఉషారాణి. "నన్ను ఎన్నయినా అను. కానీ ముందు ఒకసారి దాన్ని చూడు."

నాన్నమ్మ వచ్చిన సంగతే నాగదుర్గ పట్టించుకోలేదు. సత్యశ్రీ మొహంలో మొహం పెట్టి అరుస్తోంది.

"సగమే గెలిచావు! వస్తువు ఏదీ? వస్తువు దొరక్కపోతే సగమే!"

"పేరు చెబితే మొత్తం!"

"ఎవరన్నారు? నీకసలు రూల్సే తెలీవు!"

"నీకు తెలుసా? చెయ్యి చూపించనంటే ఒప్పుకున్నట్టే! ఉందా లేదా అండి మామ్మగారూ?"

"లేదు! అలాంటి రూలు లేనే లేదు!"

"దుర్గా, పదవే ఇంటికి," అని పెద్దింట్లమ్మ చెయ్యి పట్టుకుంది.

"అబ్బా, ఆగవే నాన్నమ్మా! ఆడుకుంటున్నామా లేదా!" నాగదుర్గ చెయ్యి విదిలించుకుంది. జనవరినుంచి ఆ ఇంట్లో ఎవరూ వినని గొంతు అది.

పెద్దింట్లమ్మ గొడుగు దించింది. మనవరాలి మొహం వైపు, ఏడ్చి ఎర్రబడిన సత్యశ్రీ మొహం వైపు మార్చి మార్చి చూసింది. మళ్ళీ మనవరాలి చెయ్యి అందుకుని, ఈసారి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏంటే ఈ వాసన?"

"పన్నీరు."

"నిజంగానే తీశావటే?"

"చీటీ వచ్చింది మరి. తియ్యాలి కదా."

"ఎక్కడెట్టావు?"

"చెప్పను. చెప్తే నేనోడిపోతాను. వెతుక్కో."

పెద్దింట్లమ్మ ఉషారాణి వైపు చూసింది. కోపం ఇంకా పూర్తిగా దిగలేదు. "మీతో నాకు మాటలున్నాయండి. అయి తరవాత మాట్లాడతాను," అంది. గొడుగు గోడకు ఆనించి, చెంగు బొడ్లో దోపి, బోర్లించిన గుండిగల వైపు నడిచింది. "జరగండర్రా. గొడ్డంత గుండిగలు మీవల్ల ఎక్కడవుతాది?"

మొదటి గుండిగ కింద ఏమీ లేదు. రెండోది పెద్దది, పెళ్ళి అన్నం వండేది. ఆవిడ ఒక చెవి పట్టుకుని ఎత్తబోతుంటే, రెండో చెవి దగ్గరకు వచ్చి సత్యశ్రీ చెయ్యి వేసింది. పెద్దింట్లమ్మ ఆ పిల్లను ఒక్క క్షణం చూసింది.

"ఊఁ, పట్టు," అంది.